నాట్లకు వచ్చిన బీహారీలు, ఎనిమిది వందల కోట్ల లెక్క

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు కొత్త ముఖాలు కనిపిస్తాయి. బీహార్ నుంచి, బెంగాల్ నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాళ్లు పది పదిహేను మంది ఒక గుంపుగా దిగుతారు. ఊరి చివర ఖాళీగా పడున్న ఇంట్లోనో, బావి కాడి మోటారు రూములోనో మకాం పెడతారు. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని తెల్లారకముందే మడిలో దిగుతారు. ఒక రైతు పని అయిపోతే సాయంత్రానికే ఇంకో రైతు దగ్గరికి మూట సర్దుకుంటారు. నాటు వేయడం ఈ నేల మీద తరతరాలుగా ఆడవాళ్ల పని. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ, వంచిన నడుం ఎత్తకుండా వెనక్కి జరిగే ఆ వరసలో ఇప్పుడు మగపిల్లలున్నారు. గట్టు మీద ఫోన్‌లో భోజ్‌పురి పాట మోగుతూ ఉంటుంది.

రైతును కదిపితే "మనోళ్లు దొరకట్లేదు" అంటాడు. నిజమే. కారణాలు అడిగితే పిల్లల చదువులు, హైదరాబాద్ వలస, ఉపాధి హామీ అని వరసగా చెబుతాడు. అవీ నిజమే. వాటన్నిటి అడుగున ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో లెక్క ఉంది. ఈ రోజు మడిలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు పుట్టిన రోజుల్లో, అంటే 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బీహార్‌లో ఒక మహిళకు సగటున నలుగురు పిల్లలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వేలో ఆ సగటు 1.8. ఇరవై ఏళ్ల కిందటి ఆ తేడాయే ఇవాళ కాజీపేట స్టేషన్‌లో మూటలతో దిగుతోంది.

ప్రపంచ జనాభా గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఒకే ఒక్క అంకె ముందు పెడతారు. 2022 నవంబర్ 15న 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ అంకె భయపెడుతుంది కానీ పెద్దగా ఏమీ చెప్పదు. కాలువ కింద మొత్తం ఎన్ని టీఎంసీలు పారాయో తెలిసినంత మాత్రాన ఎవరి మడి మునిగిందో, చివరి ఆయకట్టులో ఎవరి మడి ఎండిందో తెలియదు కదా. జనాభా సంగతీ అంతే.

పెరిగింది పుట్టుకలతో కాదు

జనాభా పెరిగిందంటే జనం ఎక్కువమందిని కంటున్నారని అనుకుంటాం. లెక్క చూస్తే దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎక్కువమందిని కన్నది పాతకాలం వాళ్లే. ఏ ఇంట్లోనైనా ముసలివాళ్లను అడిగితే చెబుతారు: ముత్తవ్వకు పది కాన్పులు, దక్కింది నలుగురని. "దక్కడం" అనే మాటలోనే ఆ కాలం మొత్తం ఉంది. పుట్టిన బిడ్డ దక్కుతుందన్న భరోసా లేదు కాబట్టి కంటూనే ఉండేవారు. పుట్టుకలూ చావులూ దాదాపు సరితూగేవి. అందుకే వేల ఏళ్ల పాటు భూమ్మీద జనం పెద్దగా పెరగలేదు. మొదటి వంద కోట్లకు చేరడానికి 1804 ప్రాంతం దాకా పట్టింది. రెండో వంద కోట్లు 1927 నాటికి, మూడోది 1960కి. ఆ తర్వాత లెక్క పరుగందుకుంది: 1974, 1987, 1999, 2011, 2022. ప్రతి పదకొండు నుంచి పద్నాలుగేళ్లకూ ఇంకో వంద కోట్లు.

పాత లెక్క ఎంత కర్కశంగా ఉండేదో తెలియడానికి గుంటూరు సీమ చాలు. 1832-33లో వచ్చిన నందన కరువునే జనం డొక్కల కరువు అన్నారు. సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1852లో. అయినా 1876-78లో ధాత కరువు రాయలసీమతో సహా దక్షిణాదిని మళ్లీ తుడిచిపెట్టింది. తర్వాత 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1911 జనగణనలో 25.2 కోట్లున్న భారత జనాభా 1921కి 25.1 కోట్లకు దిగింది. మన దేశ జనగణనల చరిత్రలో తగ్గుదల కనిపించింది ఆ ఒక్కసారే. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు. 1951కి 36.1 కోట్లు, 2011కి 121 కోట్లు.

ఆ మలుపు తిప్పినవి టీకాలు, మంచినీళ్లు, దోమల మందు, యాంటీబయాటిక్స్, కరువు ప్రాంతానికి రైల్లో ధాన్యం పంపగలిగే వ్యవస్థ. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికొచ్చింది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన బృందం పనే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టాడు. ఇవాళ ప్రతి మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆ దారిలోనే జనంలోకి వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి సగటు ఆయుష్షు ముప్పై రెండేళ్ల దరిదాపుల్లో ఉన్న దేశం ఇప్పుడు డెబ్బై దాటింది. "జనాభా సమస్య" అని తిట్టుకునేది చాలావరకు ఈ పనుల ఫలితాన్నే. అది మరిచిపోతే చర్చ మొత్తం వంకర పోతుంది.

బ్రేకు వేసినా బస్సు ఆగదు

ఇంకో సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ప్రపంచ జనాభా పెరుగుదల వేగం 1960ల్లోనే శిఖరానికి చేరింది. అప్పుడు ఏటా 2 శాతానికి పైన పెరిగేది, ఇప్పుడు 1 శాతం లోపుకు వచ్చింది. 1950లో ఒక మహిళకు సగటున ఐదుగురు పిల్లలు. 2024 నాటి ఐరాస అంచనాల్లో అది 2.25. భూమ్మీద ఏటా పుట్టే పిల్లల సంఖ్య 2012 ప్రాంతంలోనే గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి దిగుతోంది. అయినా జనాభా ఇప్పటికీ ఏటా ఏడు కోట్ల దాకా ఎందుకు పెరుగుతోంది?

ఒక ఊరిని ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. వంద జంటలున్నాయి. ఒక్కో జంటకు నలుగురు పిల్లలు దక్కారు. అంటే నాలుగు వందల మంది, పెళ్లిళ్లయితే రెండు వందల జంటలు. వీళ్లు తెలివి తెచ్చుకుని "మేమిద్దరం, మాకిద్దరు" అన్నారు. వీళ్లకు పుట్టిన పిల్లలు మళ్లీ నాలుగు వందలే. ఇప్పుడు ఊళ్లో ముసలివాళ్లు రెండు వందలు, నడివయసు వాళ్లు నాలుగు వందలు, పిల్లలు నాలుగు వందలు: మొత్తం వెయ్యి. ఇంకో తరం గడిచింది. ముసలివాళ్లు రెండు వందల మంది పోయారు, కొత్తగా నాలుగు వందల మంది పుట్టారు. ఊరు పన్నెండు వందలైంది. ఎవరూ ఇద్దర్ని మించి కనలేదు. అయినా ఊరు పెరిగింది. ఎందుకంటే పోయే తరం చిన్నది, వచ్చే తరం పెద్దది.

ప్రపంచం ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఆ ఊరి స్థితిలోనే. 2080ల నడుమ 1,030 కోట్ల దగ్గర శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుందని ఐరాస అంచనా. ఇక మీదట పెరిగే రెండు వందల కోట్లలో పెద్ద భాగం ఇప్పటికే పుట్టి ఉన్న పిల్లలు పెద్దవాళ్లై పిల్లల్ని కనడం వల్ల, ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతకడం వల్ల వచ్చేదే. కాబట్టి "వెంటనే జనాభా నియంత్రణ చట్టం తేవాలి" అని టీవీ చర్చల్లో బల్ల గుద్దేవాళ్లు ఇప్పటికే బ్రేకు పడిన బస్సుకు మళ్లీ బ్రేకు తొక్కుతున్నట్టే. ఒక మహిళకు ఇంతమంది పిల్లలనే మన దేశ సగటు 2019-21 సర్వేలోనే 2.0కి దిగింది. ఒక తరం స్థానంలో ఇంకో తరం సరిగ్గా నిలవడానికి కావలసిన 2.1 కన్నా తక్కువ.

తిండి సరే, మిగతా సంగతి

1798లో మాల్థస్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు జనం పెరిగినంత వేగంగా పంట పెరగదని రాశాడు. ఆ భయం అప్పట్నుంచీ పోలేదు. 1980లో స్టాన్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, ఆర్థికవేత్త జూలియన్ సైమన్ ఒక పందెం కట్టుకున్నారు. జనం పెరిగితే లోహాలు కరువై ధరలు మండుతాయని ఎర్లిక్, అలా జరగదని సైమన్. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్: ఒక్కోదానికీ రెండు వందల డాలర్లు. పదేళ్లకు ధరలు తగ్గాయి, ఎర్లిక్ 576 డాలర్ల చెక్కు పంపాడు. ఈ కథను సైమన్ అభిమానులు ఇప్పటికీ పండగలా చెప్పుకుంటారు. వేరే పదేళ్లు ఎంచుకుని ఉంటే ఎర్లిక్ గెలిచే అవకాశమే ఎక్కువని తర్వాత లెక్కలేసి చూసినవాళ్లూ ఉన్నారు. పందెం గెలిస్తే వాదన గెలిచినట్టేమీ కాదు.

తిండి విషయంలో మాత్రం మాల్థస్ ఓడిపోయాడనే చెప్పాలి. ఓడించిన చోట్లలో ఒకటి మన ఆచంట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 విత్తనాన్ని ఆ మరుసటేడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు సాగు చేశారు. పొట్టి మొక్క కావడంతో ఎరువు ఎంత వేసినా పడిపోకుండా నిలబడింది. అప్పటిదాకా చూడనంత దిగుబడి ఇచ్చింది. ఆయనకు "మిస్టర్ ఐఆర్8" అనే పేరే నిలిచిపోయింది. ఆ పంట వెనక కంటికి కనిపించనిది యూరియా. గాలిలోని నైట్రోజన్‌ను ఎరువుగా మార్చే ఫ్యాక్టరీ పద్ధతి 1913లో జర్మనీలో మొదలైంది. ఇవాళ భూమ్మీద ఉన్న జనంలో దాదాపు సగం మంది తినే తిండి దాని మీదే ఆధారపడి ఉందని లెక్క.

బిల్లు మాత్రం ఇంకో చోట పడింది. ప్రపంచం మొత్తం తోడుకునే భూగర్భ జలాల్లో నాలుగో వంతు దాకా మన దేశమే తోడుతోంది. బోరు మూడు వందల అడుగుల్లో పడకపోతే ఆరు వందలకు, అక్కడా పడకపోతే వెయ్యికి వెళ్లిన రైతు కథ అనంతపురంలోనూ నల్లగొండలోనూ ఎవరికీ కొత్త కాదు. ఆకలి చావులను నీళ్ల అప్పుతో ఆపారు. ఆ అప్పు ఇంకా తీరలేదు.

వాతావరణం దగ్గరికొచ్చేసరికి మనుషుల లెక్క మరీ మోసం చేస్తుంది. ఒక అమెరికన్ ఏటా సగటున 14 టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, మన దేశంలో అది 2 టన్నుల చుట్టూ ఉంటుంది. ప్రపంచంలో అత్యధిక సంతానోత్పత్తి ఉన్న దేశాల్లో ఒకటైన నైజర్‌లో టన్నులో పదో వంతు. అంటే ఒక్క అమెరికన్ వాటాలో నూట నలభై మంది నైజర్ వాసులు సరిపోతారు. ఇద్దరు పిల్లలు, రెండు కార్లు, నాలుగు ఏసీలు ఉన్న ఇంటివాళ్లు ఆరుగురు పిల్లలున్న గుడిసెను చూపించి "వీళ్ల వల్లే భూమి వేడెక్కుతోంది" అంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. గచ్చిబౌలిలో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఈ లెక్క మారదు.

బెదిరించి తగ్గించిందా, భరోసాతో తగ్గిందా

పిల్లల సంఖ్య ఎలా తగ్గింది అనే దగ్గర కొంచెం ఆగాలి. చైనా ఒక్క బిడ్డ విధానం గురించి అందరికీ తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, 1970లో ఆరుకు దగ్గరగా ఉన్న అక్కడి సంతానోత్పత్తి రేటు, అంటే ఒక మహిళకు సగటు పిల్లల సంఖ్య, ఆ విధానం 1980లో రావడానికి ముందే మూడు లోపుకు పడిపోయింది. బలవంతం వచ్చాక మిగిలింది బలవంతపు గర్భస్రావాలు, ఆడపిల్లల కొరత. ఒక దశలో ప్రతి వంద మంది ఆడపిల్లలకు 118 మంది మగపిల్లలు పుట్టారు. ఆ మగపిల్లల్లో చాలామంది ఇప్పుడు పెళ్లికూతురు దొరకని యువకులు. బంగ్లాదేశ్‌లో ఏ చట్టమూ చేయలేదు. పల్లెల్లో ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి మాత్రలు ఇచ్చారు, బిడ్డలకు టీకాలు వేయించారు, ఆడపిల్లలు బడికి వెళ్లారు. 1970ల మొదట్లో దాదాపు ఏడు ఉన్న రేటు ఇప్పుడు రెండు చుట్టూ ఉంది.

మన దేశం రెండు దారులూ చూసింది. కుటుంబ నియంత్రణను 1952లోనే ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టిన తొలి దేశం మనదే. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకు, చాలావరకు బలవంతంగా. ప్రభుత్వమే కూలింది. ఆ తర్వాత ఏ పార్టీ కూడా మగవాళ్ల జోలికి వెళ్లే సాహసం చేయలేదు. బరువంతా ఆడవాళ్ల మీద పడింది.

అది ఎంత పూర్తిగా పడిందో ఆంధ్రప్రదేశ్‌ను చూస్తే తెలుస్తుంది. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. దేశంలోనే ఇది అత్యధికం. మగవాళ్లలో అది అర శాతం కూడా లేదు. జనాభా శాస్త్రం చదివేవాళ్లకు ఆంధ్ర ఒక పొడుపుకథ. చదువు పెరిగితే పిల్లలు తగ్గుతారని పాఠ్య పుస్తకం చెబుతుంది, కేరళలో అదే జరిగింది. ఇక్కడ మహిళల అక్షరాస్యత 2001లో 50 శాతమే. 2005-06 నాటికే రేటు 1.8కి దిగింది. చదువుకోని, పద్దెనిమిదికే పెళ్లయిన, ఇరవై ఒకటికి రెండో కాన్పు అయిన పిల్ల, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లకు ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చేది. మధ్యలో ఎడం పాటించడానికి మాత్రలూ లూపూ వాడిన దాఖలాలు తక్కువ. "ఇద్దరు పుట్టారు, ఆపరేషన్ అయిపోయింది" అనేది ఇక్కడ ఒకే వాక్యం. గర్భసంచి తీసేసిన మహిళల శాతంలోనూ తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. ఈ కథను విజయగాథగా చెప్పుకునేవాళ్లు ఈ రెండో పేజీ తిప్పరు.

దీనికి రాజకీయం కూడా తోడైంది. ఇద్దరు పిల్లల్ని మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాశారు. సర్పంచ్ పదవి కోసం మూడో బిడ్డను బంధువులకు దత్తత ఇచ్చినట్టు చూపించిన వ్యవహారాలు పల్లెల్లో కథలుగా చెప్పుకుంటారు. 1997లో రాష్ట్రం ప్రత్యేక జనాభా విధానమే ప్రకటించింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే 2024 అక్టోబర్‌లో, ఎక్కువమంది పిల్లలున్నవాళ్లే పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. నవంబర్‌లో పాత నిబంధన ఎత్తేశారు. 2025లో తెలంగాణ మంత్రివర్గం కూడా అదే నిర్ణయం తీసుకుంది. ఒక్క తరంలోనే "ఇద్దరు చాలు" నుంచి "ఇంకొకరు ఉంటే బాగుండు" దాకా వచ్చింది వ్యవహారం. మధ్యలో ఆపరేషన్ బల్ల ఎక్కిన ఆడవాళ్లను ఏమీ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

బడిలో బామ్మలు

తగ్గడం ఒక్కసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. దక్షిణ కొరియాలో 1960లో ఒక మహిళకు ఆరుగురు పిల్లలు. 2023లో 0.72. గాంగ్జిన్ ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి పిల్లలే లేకపోతే, 2019లో చదువు రాని బామ్మల్ని చేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి బ్యాగు తగిలించుకుని, మనవళ్ల వయసు పిల్లలతో బడి బస్సెక్కడం చూడముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ తరగతిలో ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. చైనా 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతి ఇచ్చింది. అయినా 2016లో పుట్టినవాళ్లలో సగం మందే 2023లో పుట్టారు. 2022 నుంచి చైనా జనాభా తగ్గుతోంది. 2023 ఏప్రిల్ నాటికి ఐరాస లెక్కల్లో భారత్ ముందుకొచ్చింది. కనొద్దంటే ప్రభుత్వం ఆపగలిగింది. కనమంటే మాత్రం వినేవాళ్లు లేరు.

వృద్ధుల వాటా పెరగడం ఒక్కటే అయితే ఇంత టెన్షన్ ఉండేది కాదు. వేగమే సమస్య. అరవై అయిదు దాటినవాళ్ల వాటా 7 శాతం నుంచి 14 శాతానికి చేరడానికి ఫ్రాన్స్‌కు 115 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో పింఛన్లు, ఆసుపత్రులు, బీమా అన్నీ తీరిగ్గా కట్టుకున్నారు. జపాన్‌కు పాతికేళ్లు, కొరియాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. అప్పటికే వాళ్లు డబ్బున్నవాళ్లు. మన దేశంలో అరవై దాటినవాళ్లు 2022లో 10.5 శాతం, 2050కి 20 శాతం పైన. దేశం ధనికం కాకముందే ముసలిదయ్యేలా ఉంది, అందులోనూ దక్షిణాది ముందు.

ఆంధ్రలో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని నాలుగు వేల రూపాయల పింఛను చేతిలో పెట్టి వెళ్తాడు. అన్ని రకాల పింఛన్లూ కలిపి తీసుకునేవాళ్లు అరవై లక్షలకు పైగా ఉన్నారు. నెలకు రెండున్నర వేల కోట్లు దాటుతుంది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, రాత్రి వీడియో కాల్‌లో మాత్రమే కనిపించే ఇళ్లకు ఈ నాలుగు వేలు అవసరం లేకపోవచ్చు. అక్కడ అవసరమైంది బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చూసే మనిషి. ఆ మనిషి పింఛనుతో రాదు, ఏజెన్సీ ద్వారా ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వస్తుంది.

పెరిగే చోటు

ఇక ముందు పెరుగుదల ప్రధానంగా సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాది. ఇప్పుడు 120 కోట్ల చుట్టూ ఉన్న ఆ ప్రాంతం 2054కి 220 కోట్లకు చేరుతుందని అంచనా. 1950లో నాలుగు కోట్లు కూడా లేని నైజీరియాలో ఇప్పుడు 23 కోట్ల మంది ఉన్నారు. నైజర్ జనాభాలో దాదాపు సగం మంది పదిహేనేళ్ల లోపువాళ్లు. అక్కడ ప్రతి నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురికి పద్దెనిమిది నిండకముందే పెళ్లవుతుంది. పుట్టిన బిడ్డల్లో నైజీరియాలో ఇప్పటికీ వెయ్యికి వందమంది దాకా ఐదో పుట్టినరోజు చూడరు. "దక్కడం" అనే మాట అక్కడ ఇంకా బతికే ఉంది. వాళ్లను చూసి నోరు తెరవాల్సిన పనేమీ లేదు. మన ముత్తవ్వల లెక్కలోనే వాళ్లున్నారు.

మన దేశం లోపల ఇదే తేడా కుర్చీల దగ్గర పేచీగా మారింది. లోక్‌సభ స్థానాలను రాష్ట్రాలకు 1971 జనాభా ప్రకారం పంచి, అక్కడే ఆపారు. ఆ ఆంక్ష 2026 తర్వాత వచ్చే తొలి జనగణన దాకానే. ఆ జనగణన 2027లో. జనాభా మీదే సీట్లు పంచితే, చెప్పిన మాట విని ఇద్దరితో ఆపేసిన రాష్ట్రాల గొంతు తగ్గుతుంది. ఒక ఓటు ఒక విలువ అన్న సూత్రం ఉత్తరాదివాళ్ల వైపు ఉంది. ఇచ్చిన మాట దక్షిణాదివాళ్ల వైపు ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం పన్నుల పంపకంలో జనాభా అదుపుకు 12.5 శాతం వెయిటేజీ ఇచ్చి కొంత సర్దింది. సీట్ల దగ్గర అలాంటి సర్దుబాటు ఎలా చేస్తారో చూడాలి.

ఈ పేచీలో మరుగున పడే సంగతి ఒకటుంది. బీహార్ కూడా అక్కడే ఆగిపోలేదు. 2005-06లో 4.0 ఉన్న రేటు 2019-21కి 3.0 అయింది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సైకిలెక్కి హైస్కూలుకు వెళ్లిన మొదటి బ్యాచ్ అమ్మాయిలకు ఇప్పుడు ముప్పై దాటాయి. వాళ్ల పిల్లలు వాళ్ల అమ్మల పిల్లలంత మంది ఉండరు. ఇంకో ఇరవై ఏళ్లకు కాజీపేటలో మూటలతో దిగే గుంపు ఎంత ఉంటుందన్నది ఆ ఇళ్లలో ఇప్పటికే తేలిపోయింది.

తెలంగాణ రైతుకు ఈ లెక్కలు తెలియకపోయినా వాసన పట్టాడు. నాటు మిషన్ కిరాయికి తెచ్చి ఒక ఎకరంలో వేసి చూసినవాళ్లున్నారు. దానికి నారు ట్రేలలో పెంచాలి, మడి అద్దంలా చదునుగా ఉండాలి, నీళ్లు వేలెడు లోతు దాటకూడదు. ఒక పక్క మొక్కలు తేలిపోతే, ఖాళీలు పూడ్చడానికి మళ్లీ నలుగురు కూలీలు కావాలి. వాళ్లు దొరక్కే కదా మిషన్ తెచ్చింది. దాంతో విసుగొచ్చి, గట్టు మీద కూర్చుని, నిరుటి బీహార్ మేస్త్రీ నంబర్ కోసం ఫోన్‌లో వెతుక్కుంటున్నాడు.